వెనుక చూసే కన్ను



ట్రాక్టరు వెనక్కి రావడం మీరు చాలాసార్లు చూసి ఉంటారు. ఒక మనిషి వెనుక నిలబడతాడు. చెయ్యి ఊపుతూ "రానీ... రానీ..." అంటాడు. గోడ దగ్గర పడగానే "హోల్డాన్!" అని కేక వేస్తాడు. డ్రైవరు బ్రేకు తొక్కుతాడు.

ఆ మనిషి ఎందుకు? డ్రైవరుకు కళ్ళు లేవా? ఉన్నాయి. కానీ అవి ముందుకు చూసే కళ్ళు. వెనుక ఏముందో వాటికి కనపడదు. అందుకే ఇంకొకరి కన్ను కావాలి. ఆ కన్ను మనిషి కావచ్చు, అద్దం కావచ్చు, ఈ రోజుల్లో అయితే కెమెరా కావచ్చు.

ఈ పాఠంలో ఆ కెమెరా గురించి చదువుకుందాం. అది కూడా పందెం కారుకు బిగించే కెమెరా గురించి. "పందెం కారుతో మనకేం పని?" అనుకోకండి. చివరిదాకా చదవండి. మీకే తెలుస్తుంది.

నా చిన్ననాటి సంగతి

అప్పుడు నాకు నాలుగేళ్ళు. వరి నూర్పిళ్ళ రోజులు. మా బాబాయి ట్రాక్టరు మీద ధాన్యం బస్తాలు వేసుకొచ్చాడు. ఇంటి ముందు ట్రాలీని వెనక్కి తిప్పుతున్నాడు. మా అన్నయ్య ఆయన పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. వాడికి అప్పుడు పన్నెండేళ్ళు.

నేను ట్రాలీ వెనకాల నేల మీద కూర్చుని గులకరాళ్ళతో ఆడుకుంటున్నాను. ట్రాలీ నిండా బస్తాలు. నేను బాబాయికి కనపడలేదు. అన్నయ్యకూ కనపడలేదు.

మా అమ్మ నీళ్ళ బిందెతో వస్తోంది. నన్ను చూసింది. బిందె వదిలేసింది. "ఆపయ్యా! పిల్ల! పిల్ల!" అని గొంతు చించుకుని అరిచింది.

ట్రాలీ చక్రం నాకు జానెడు దూరంలో ఆగింది.

బాబాయి కిందికి దిగి అలాగే మట్టిలో కూలబడ్డాడు. రెండు రోజులు ట్రాక్టరు ఎక్కలేదు. ఆయన నిర్లక్ష్యంగా నడపలేదు. తాగి నడపలేదు. ఆయనకు నేను కనపడలేదు, అంతే. కనపడకపోవడమే అక్కడ ప్రమాదం.

ఈ సంగతి అన్నయ్య ఎప్పుడూ మరచిపోలేదు. పెద్దయ్యాక బండ్లకు కరెంటు పనులు చేసే ఎలక్ట్రీషియన్ అయ్యాడు. ఇప్పుడు చెన్నై దగ్గర ఒక షెడ్డులో పని చేస్తున్నాడు.

పందెం కారు అంటే ఏమిటి?

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై అనే ఊరు ఉంది. అక్కడ పందెం కార్లు పరుగెత్తే మైదానం ఉంది. దాన్ని ట్రాక్ అంటారు. అది 1990లో మొదలైంది. ఒక చుట్టు తిరిగితే సుమారు 3.7 కిలోమీటర్లు. మన దగ్గర కూడా 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన కరెంటుతో నడిచే పందెం కార్లు పరుగెత్తాయి. మీలో కొందరు టీ.వీ.లో చూసి ఉంటారు.

ట్రాక్ మీద నడిపే కారు మామూలు కారులా ఉండదు. బరువు తగ్గాలని లోపలి సీట్లు తీసేస్తారు. డ్రైవరు సీటు ఒక్కటే ఉంచుతారు. కారు బోల్తా పడినా డ్రైవరు నలిగిపోకుండా లోపల ఇనుప గొట్టాలతో పంజరం కడతారు. డ్రైవరు తలకు హెల్మెట్ పెట్టుకుంటాడు. భుజాల మీద నుంచీ నడుము మీద నుంచీ బెల్టులు బిగించుకుంటాడు. దెబ్బ తగిలినప్పుడు మెడ విరగకుండా హెల్మెట్‌కు కూడా పట్టీలు ఉంటాయి.

ఇవన్నీ ప్రాణం కాపాడేవే. కానీ వీటివల్ల ఒక ఇబ్బంది ఉంది. డ్రైవరు మెడ తిప్పి వెనక్కి చూడలేడు.

చూడగలిగినా చూడకూడదు. ఎందుకో లెక్క వేద్దాం. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 40 మీటర్లు పోతుంది. అంటే డ్రైవరు ఒక్క సెకను తల తిప్పితే, ఆ 40 మీటర్లు గుడ్డిగా పోయినట్టే.

మరి వెనక్కి చూడకుండా ఉండొచ్చు కదా? కుదరదు. వెనుక నుంచి ఇంకా వేగంగా కార్లు వస్తుంటాయి. "నీ వెనుక వేగంగా వచ్చే కారు ఉంది" అని చెప్పడానికి ట్రాక్ పక్కన మనుషులు నీలం జెండా చూపిస్తారు. అప్పుడు దారి ఇవ్వాలి. ఏ వైపు ఇవ్వాలి? వెనుక కారు ఏ వైపు ఉందో తెలిస్తేనే కదా!

అద్దం నుంచి కెమెరా దాకా

వెనక్కి చూడటం కోసం మనుషులు ఎప్పటి నుంచో తంటాలు పడుతున్నారు.

ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అనే ఆమె ఉండేది. ఆడవాళ్ళు కారు నడపడమే వింతగా చూసే రోజుల్లో ఆమె పందెం కార్లు నడిపింది. 1909లో ఆడవాళ్ళ కోసం కారు గురించి ఒక పుస్తకం రాసింది. అందులో ఒక మంచి ఉపాయం చెప్పింది. కారులో ఒక చేతి అద్దం పెట్టుకోండి, అప్పుడప్పుడు పైకెత్తి వెనుక ఏం వస్తోందో చూసుకోండి అని. బొట్టు పెట్టుకునేటప్పుడు మనం చూసుకునే లాంటి చిన్న అద్దమే!

1911లో అమెరికాలో ఇండియానాపోలిస్ అనే చోట 500 మైళ్ళ కారు పందెం జరిగింది. అప్పట్లో పందెం కారులో ఇద్దరు కూర్చునేవారు. ఒకరు నడిపేవారు. పక్కన ఒక మెకానిక్ ఉండేవాడు. వెనుక ఎవరు వస్తున్నారో చూసి చెప్పడం కూడా అతని పనే. రే హారూన్ అనే డ్రైవరు మాత్రం ఒక్కడే కూర్చునే కారు తెచ్చాడు. "వెనుక చూసేది ఎవరు?" అని మిగతా వాళ్ళు గొడవ పెట్టారు. ఆయన కారు మీద ఒక అద్దం బిగించాడు. ఆ పందెం ఆయనే గెలిచాడు.

ఇంకో మాట కూడా చెబుతారు. ఆ ట్రాక్ ఇటుకలు పరిచింది. కారు అదురుకు అద్దం కూడా అదిరిపోయి, అందులో ఏమీ సరిగ్గా కనపడలేదట! ఈ మాట గుర్తుంచుకోండి. అద్దం ఉన్నంత మాత్రాన కనపడినట్టు కాదు.

వంద ఏళ్ళు గడిచాయి. 2012లో ఫ్రాన్సులో లె మాన్స్ అనే ఊళ్ళో జరిగే 24 గంటల పందెంలో జర్మనీకి చెందిన ఆడి కంపెనీ తన కార్లకు అద్దం బదులు కెమెరా, తెర పెట్టింది. ఆ కారులో డ్రైవరు వెనుక ఇంజను ఉంటుంది. వెనక్కి చూడటానికి కిటికీ లేదు. కెమెరా వెనుక చూస్తుంది. డ్రైవరు ముందున్న చిన్న తెర మీద ఆ బొమ్మ కనపడుతుంది. ఆ పందెం ఆడి కారే గెలిచింది.

ఇప్పుడు ఇలాంటి కెమెరాలు బజారులో దొరుకుతున్నాయి. చిన్న షెడ్డుల్లో కూడా బిగిస్తున్నారు.

అన్నయ్య షెడ్డులో

పోయిన వేసవి సెలవుల్లో నేను అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు షెడ్డుకు ఒక ట్రాక్ కారు వచ్చింది. కుడి తలుపు దగ్గర వెనుక కెమెరా తెర వేలాడుతోంది. ఎడమ పక్క రేకు గీసుకుపోయి ఉంది.

కారు నడిపే అబ్బాయి చెప్పాడు: "అన్నా, కెమెరా వేరే చోట బిగించారు. మొన్న ప్రాక్టీసులో నీలం జెండా చూపించారు. తెరలో చూస్తే వెనుక కారు కుడి పక్కన కనపడింది. సరే, దారి ఇద్దామని నేను ఎడమకు జరిగాను. ఆ కారు ఎడమ పక్కనే ఉంది! రెండూ రాసుకున్నాయి. అతను బ్రేకు వేశాడు కాబట్టి బతికిపోయాం. రేపు మళ్ళీ ప్రాక్టీసు ఉంది. ఈ తెర గట్టిగా అతికించి ఇచ్చెయ్యి."

అన్నయ్య అతికించలేదు. కారంతా ఒకసారి చూశాడు. సీట్లో కూర్చుని తెర వెలిగించాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"చెల్లీ, కారు వెనకాల పది అడుగుల దూరంలో నిలబడు. కొంచెం ఎడమ పక్కకు జరుగు."

నేను నా ఎర్ర చున్నీ పట్టుకుని కారుకు ఎడమ పక్కన నిలబడ్డాను.

"ఎటు ఉన్నావు?"

"కారుకు ఎడమ పక్కన ఉన్నాను అన్నయ్యా."

"తెరలో నువ్వు కుడి పక్కన ఉన్నావు."

ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. అన్నయ్య నెమ్మదిగా అన్నాడు: "ఈ తెర అబద్ధం చెబుతోంది. కన్ను లేనివాడు ఎవరినైనా అడిగి అడుగు వేస్తాడు. తప్పు చూపే కన్ను ఉన్నవాడు ఎవరినీ అడగడు. అదే ప్రమాదం."

ఎడమ కుడి ఎందుకు అయింది?

మీరిద్దరు ఎదురెదురుగా నిలబడండి. మీ కుడి చెయ్యి ఎత్తండి. ఎదుటి ఆమెకు ఆ చెయ్యి తన ఎడమ వైపు కనపడుతుంది. అవునా?

కెమెరా కూడా అంతే. డ్రైవరు ముందుకు చూస్తాడు. కెమెరా వెనక్కి తిరిగి చూస్తుంది. అందుకే డ్రైవరుకు ఎడమ పక్కన ఉన్నది కెమెరాకు కుడి పక్కన ఉంటుంది. ఆ బొమ్మను అలాగే తెర మీద చూపిస్తే, డ్రైవరు తికమక పడతాడు.

అద్దం అలా చెయ్యదు. అద్దం ముందు నిలబడి ఎడమ చేతి గాజులు ఆడించండి. అద్దంలో కూడా ఎడమ పక్కనే గాజులు ఆడతాయి. మన కంటికి ఈ అలవాటు ఉంది. కాబట్టి వెనుక కెమెరా కూడా అద్దంలాగే చూపించాలి. బొమ్మను తిప్పి చూపించాలి. దీనికి కెమెరాలోనో తెరలోనో ఏర్పాటు ఉంటుంది. కొన్ని కెమెరాలకు చిన్న తీగ మెలిక ఉంటుంది. దాన్ని తెంపితే బొమ్మ తిరుగుతుంది. ఏ తీగ తెంపాలో కెమెరాతో వచ్చిన కాగితం చదివి తెలుసుకోవాలి. అన్నయ్య ఆ కాగితం రెండుసార్లు చదివాకే కట్టరు పట్టుకున్నాడు.

ఎలా బిగించాడు?

అన్నయ్య పాతదంతా ఊడదీశాడు. మళ్ళీ మొదటి నుంచి బిగించాడు. నేను పక్కనే ఉండి చూశాను.

1. కెమెరాకు చోటు. ఆ కారు వెనుక అద్దం బదులు ప్లాస్టిక్ పలక ఉంది. గీతలు పడి మసకగా ఉంది. దాని లోపల కెమెరా పెడితే ఏమీ కనపడదు. అందుకని కప్పు వెనుక అంచున, సరిగ్గా మధ్యలో, బయట బిగించాడు. ఎత్తులో ఉంటే దూరం కనపడుతుంది. చక్రాల నుంచి లేచే మట్టి, రబ్బరు ముక్కలు కూడా తక్కువ పడతాయి.

2. తెరకు చోటు. మామూలుగా లోపలి అద్దం ఉండే చోటే తెర పెట్టాడు. డ్రైవరు కన్ను అలవాటుగా అక్కడికే పోతుంది. రోడ్డు మీద నుంచి చూపు ఎక్కువ తిప్పనక్కర్లేదు. అంతకు ముందు తెరను జిగురు పట్టీతో అతికించారు. ఎండకు జిగురు కరిగి ఊడింది. అన్నయ్య ఇనుప పంజరం గొట్టానికి క్లాంపు వేసి బోల్టులతో బిగించాడు. "కారు గుద్దుకుంటే, ఊడిన తెర రాయిలాగా ముఖానికి తగులుతుంది" అన్నాడు. డ్రైవరు తలకు తగలకుండా, ముందు దారి కనపడకుండా అడ్డం రాకుండా చూశాడు. ఎండ పడితే తెర తెల్లబోతుంది కాబట్టి పైన చిన్న గొడుగులా నల్లరేకు ముక్క పెట్టాడు.

3. కరెంటు. కారు బ్యాటరీ 12 వోల్టులు. ఎర్ర తీగకు కరెంటు, నల్ల తీగకు ఎర్త్. మామూలు కార్లలో కెమెరా తీగను రివర్సు లైటు తీగకు కలుపుతారు. రివర్సు గేరు వేస్తేనే తెర వెలుగుతుంది. ట్రాక్ కారుకు అది పనికిరాదు. ముందుకు పోయేటప్పుడే వెనుక కనపడాలి. అందుకని కారు ఆన్ చేసినప్పటి నుంచి తెర వెలిగేలా కలిపాడు.

పందెం కారులో ఒక పెద్ద స్విచ్చి ఉంటుంది. ప్రమాదం జరిగితే బయట ఉన్నవాళ్ళు కూడా దాన్ని ఆపేయవచ్చు. కారులో కరెంటు మొత్తం పోతుంది. కెమెరా కరెంటు కూడా ఆ స్విచ్చి తర్వాతే తీసుకోవాలి. నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోకూడదు. తీసుకుంటే స్విచ్చి ఆపినా ఆ తీగలో కరెంటు మిగిలే ఉంటుంది. నిప్పు పుట్టవచ్చు.

4. ఫ్యూజు. ఎర్ర తీగ మొదట్లోనే చిన్న ఫ్యూజు పెట్టాడు. మన ఇంట్లో ఫ్యూజు లాంటిదే ఇదీ. తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకు తగిలితే ఫ్యూజు కాలిపోతుంది. కరెంటు ఆగుతుంది. కారు కాలకుండా ఉంటుంది.

5. తీగ నడిచే దారి. కెమెరా నుంచి తెర దాకా ఒక తీగ రావాలి. బొమ్మను తెచ్చేది అదే. రేకుకు బెజ్జం వేసిన చోట అంచు కత్తిలా ఉంటుంది. అక్కడ రబ్బరు బుష్ వేశాడు. సైలెన్సరు గొట్టానికి దూరంగా నడిపించాడు. ఆ వేడికి తీగ తొడుగు కరిగిపోతుంది. జానెడుకు ఒకచోట ప్లాస్టిక్ పట్టీతో కట్టాడు. మరీ బిగుతుగా లాగలేదు. మరీ వదులుగా వేలాడనివ్వలేదు. డ్రైవరు కాళ్ళ దగ్గరికి అసలు రానివ్వలేదు.

6. నీళ్ళు పోకుండా. కెమెరా దగ్గర బెజ్జం చుట్టూ సీలెంటు పూశాడు. వానకు నీళ్ళు దిగితే తీగ చిలుము పడుతుంది.

పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం మూడయింది. ఆ అబ్బాయి రెండుసార్లు గడియారం చూశాడు. అన్నయ్య పట్టించుకోలేదు.

మళ్ళీ నేను వెనుక నిలబడ్డాను

బిగించడం అయిపోయింది. కానీ పని అయిపోలేదు. పరీక్ష చేయాలి.

అన్నయ్య ఈసారి తాను కూర్చోలేదు. ఆ అబ్బాయినే కూర్చోమన్నాడు. హెల్మెట్ పెట్టమన్నాడు. బెల్టులన్నీ బిగించమన్నాడు. "నడిపేది నువ్వు. నీ కంటికి కనపడాలి. నా కంటికి కాదు" అన్నాడు.

ఇంజను ఆపి ఉంది. చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టాం. తర్వాత నేను వెనుకకు వెళ్ళాను. ఎడమకు నిలబడ్డాను. తెరలో ఎడమనే ఉన్నాను. కుడికి జరిగాను. తెరలో కుడికే జరిగాను. సరిపోయింది.

తర్వాత దూరం. పది అడుగుల దూరంలో నిలబడ్డాను. ఆ తర్వాత ఇరవై. ఆ తర్వాత నలభై. ప్రతిసారీ ఆ అబ్బాయి తెరలో చూసి ఎంత దూరమో చెప్పాలి. నేను ఇరవై అడుగుల్లో ఉంటే అతను "నలభై" అన్నాడు!

ఇది కెమెరా స్వభావం. ఎక్కువ వెడల్పు కనపడాలని దాని అద్దాన్ని గుండ్రంగా చేస్తారు. అందువల్ల వస్తువులు చిన్నగా, దూరంగా ఉన్నట్టు కనపడతాయి. దగ్గరగా ఉన్న కారు దూరంగా ఉందని మోసపోతాం. దీన్ని బిగింపుతో సరిచెయ్యలేం. కంటికి అలవాటు చెయ్యాలి. అందుకే అన్నయ్య నన్ను పదిసార్లు అటూ ఇటూ నడిపించాడు. ఆ అబ్బాయి సరిగ్గా చెప్పేదాకా వదల్లేదు.

తర్వాత నేను చున్నీ గబగబా ఊపాను. తెరలో కూడా వెంటనే ఊగింది. కొన్ని తెరలు బొమ్మను ఆలస్యంగా చూపిస్తాయి. వేగంగా పోయే కారుకు అలాంటి తెర పనికిరాదు.

చివరికి ఇంజను ఆన్ చేశారు. నేను పక్కకు వచ్చేశాను. కారు అదిరింది. తెర అదరలేదు.

"పక్క అద్దాలు తీసేయనా అన్నా? కెమెరా ఉందిగా!" అన్నాడు ఆ అబ్బాయి.

"తీయకు. కెమెరా మీద ఒక మట్టి చుక్క పడితే చాలు, గుడ్డిదవుతుంది. అప్పుడు అద్దాలే దిక్కు. కారు ఎక్కే ముందు ప్రతిసారీ మెత్తటి గుడ్డతో కెమెరా తుడుచుకో" అన్నాడు అన్నయ్య.

మరునాడు సాయంత్రం ఆ అబ్బాయి ఫోను చేశాడు. నీలం జెండా చూపించారట. తెరలో ఎడమ పక్కన కారు కనపడిందట. కుడికి జరిగి దారి ఇచ్చాడట. అంతే. చెప్పుకోవడానికి ఇంకేమీ జరగలేదు. మంచి బిగింపుకు అదే గుర్తు.

ఇప్పుడు మన వీధికి వద్దాం

ట్రాక్ మీద పిల్లలు ఉండరు. కోళ్ళు, మేకలు ఉండవు. మన వీధిలో ఉంటాయి. వెనుక చూపు మనకే ఎక్కువ కావాలి.

అమెరికాలో 2002లో ఒక ఘోరం జరిగింది. ఒక పిల్లల డాక్టరు తన ఇంటి దగ్గర కారు వెనక్కి తీస్తున్నాడు. అద్దాల్లో చూసుకుంటూనే తీశాడు. రెండేళ్ళ కొడుకు కామెరాన్ కారు వెనుకకు వచ్చాడు. కారు ఎత్తుగా ఉంది. బిడ్డ చిన్నవాడు. కనపడలేదు. బిడ్డ చనిపోయాడు.

ఆ తండ్రి పేరు గ్రెగ్ గుల్బ్రాన్సెన్. తన దుఃఖాన్ని నలుగురికీ చెప్పాడు. బిడ్డలను పోగొట్టుకున్న ఇతర తల్లిదండ్రులు కూడా కలిశారు. చట్టం కావాలని అడిగారు. 2008లో ఆ బిడ్డ పేరుతోనే చట్టం వచ్చింది. అయినా అమలు కావడానికి మరో పదేళ్ళు పట్టింది. 2018 మే 1 నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నిటికీ వెనుక కెమెరా ఉండి తీరాలి.

మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు వెనుక సెన్సారు తప్పనిసరి చేశారు. వెనుక ఏదైనా అడ్డం వస్తే అది "కీ... కీ..." అని మోగుతుంది. మంచిదే. కానీ మన ఊళ్ళో తిరిగే ట్రాక్టర్లకు, పాత లారీలకు, పాత వ్యాన్లకు చాలావాటికి సెన్సారూ లేదు, కెమెరా లేదు. అక్కడ మన కన్నే కెమెరా. మన గొంతే సెన్సారు.

సెలవులు అయిపోయి వచ్చేటప్పుడు అన్నయ్య నాతో అన్నాడు: "ఆ రోజు ట్రాలీకి కెమెరా లేదు. అమ్మ ఉంది. అమ్మ లేకపోతే నువ్వు లేవు. మీ ఊళ్ళో ఆడవాళ్ళకు చెప్పు చెల్లీ."

అందుకే ఈ పాఠం రాశాను.

మనం చేయగలిగే పనులు

* బండి కదిలే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడాలి. వెనుకా, కిందా వంగి చూడాలి. ఎండ పూట నీడ కోసం ట్రాలీ కింద, లారీ కింద పడుకునేవాళ్ళు ఉంటారు.

* బండి వెనక్కి వచ్చేటప్పుడు ఇంట్లో పిల్లలను లెక్క పెట్టుకోండి. చంటిపిల్లలను ఎత్తుకోండి. నడిచే పిల్లల చెయ్యి పట్టుకోండి.

* "రానీ, రానీ" అనే మనిషి ఒక్కరే ఉండాలి. నలుగురు నాలుగు రకాలుగా అరిస్తే డ్రైవరు తికమక పడతాడు.

* ఆ మనిషి డ్రైవరుకు కనపడేలా పక్కన నిలబడాలి. బండికీ గోడకూ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు.

* ఆ మనిషి కనపడకపోతే డ్రైవరు వెంటనే బండి ఆపాలి.

* బడి వ్యాను డ్రైవరును అడగండి: "బాబూ, వెనుక ఎలా చూస్తావు?" కెమెరా ఉంటే తెరలో ఒకసారి చూపించమనండి. అడగడం తప్పు కాదు. ఆ వ్యానులో పోయేది మన పిల్లలే.

* కెమెరా ఉన్నా, సెన్సారు ఉన్నా నెమ్మదిగానే వెనక్కి రావాలి. అవి మన చూపుకు తోడు. మన చూపుకు బదులు కాదు.

కొత్త మాటలు

ట్రాక్ – పందెం కార్లు పరుగెత్తే దారి
తెర – కెమెరా బొమ్మ కనపడే పలక
ఫ్యూజు – కరెంటు ఎక్కువైతే తాను కాలిపోయి తీగను కాపాడేది
బుష్ – బెజ్జం అంచున వేసే రబ్బరు ముక్క
సెన్సారు – అడ్డం వచ్చినదాన్ని పసిగట్టి మోగేది

చెప్పండి

1. పందెం కారు డ్రైవరు తల తిప్పి వెనక్కి ఎందుకు చూడలేడు?
2. 1909లో డొరొతీ లెవిట్ ఆడవాళ్ళకు ఏ ఉపాయం చెప్పింది?
3. ట్రాక్ కారు కెమెరాను రివర్సు లైటు తీగకు ఎందుకు కలపకూడదు?
4. చెల్లెలు ఎడమ పక్కన నిలబడితే తెరలో కుడి పక్కన ఎందుకు కనపడింది?
5. "తప్పు చూపే కన్ను" వల్ల ఏం ప్రమాదం?

ఖాళీలు నింపండి

1. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక సెకనులో ______ మీటర్లు పోతుంది.
2. కారు బ్యాటరీ ______ వోల్టులు.
3. వేగంగా వచ్చే కారుకు దారి ఇవ్వమని ______ జెండా చూపిస్తారు.
4. కెమెరా మన చూపుకు ______. మన చూపుకు బదులు కాదు.

చేసి చూడండి

మీ వీధిలో ఆగి ఉన్న ట్రాక్టరు దగ్గరికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఇంజను ఆపి ఉండాలి. తాళంచెవి మీ చేతిలో ఉండాలి. ఒకరు డ్రైవరు సీట్లో కూర్చోండి. ఇంకొకరు ట్రాలీ వెనుక ఒక బిందె పెట్టి, అద్దంలో కనపడేదాకా దాన్ని వెనక్కి జరపండి. ట్రాలీ నుంచి అక్కడికి ఎన్ని అడుగులు ఉందో కొలవండి. మీ పలక మీద రాయండి.

ఆ అడుగుల్లో కూర్చునే బిడ్డ డ్రైవరుకు కనపడదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి.